ఒక్క వీర్య పరీక్ష చూసి ఐవీఎఫ్‌కి సంతకం పెట్టకండి

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ఇవి: మీకు 29 ఏళ్లు, మీవారికి 33. ఏడాదిగా పిల్లల కోసం చూస్తున్నారు. ఆయన రిపోర్టులో వీర్యం 1.1 మిల్లీలీటరు, వీర్యకణాల కౌంటు మిల్లీలీటరుకు 1.2 కోట్లు, కదలిక 28 శాతం, సరైన ఆకారం 3 శాతం. శాంపిల్ వైట్‌ఫీల్డ్‌లో ఇంట్లోనే తీసి, బైక్ మీద జయనగర్ చేరేసరికి గంటన్నర పట్టింది. మొదటి చుక్కలు డబ్బాలో పడలేదు. రెండు నెలల కిందట ఆయనకు డెంగ్యూ. క్లినిక్ వాళ్లు ఐవీఎఫ్, అంటే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి, ఒక్కటే దారి అన్నారు.

బెంగళూరులో ఇలాంటి శాంపిల్స్ పరీక్షించడమే నా ఉద్యోగం. గట్టిగానే చెబుతున్నాను, ఈ రిపోర్టు పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ముందు డెంగ్యూ సంగతి. వృషణాల్లో ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 70 రోజులు పడుతుంది. ఆ తర్వాత వృషణం వెనక చుట్టలా ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టంలో ఇంకో వారం, రెండు వారాలు ఉండి ఈదే శక్తి తెచ్చుకుంటుంది. అంటే ఇవాళ్టి శాంపిల్ చూపించేది గత మూడు నెలల ఆరోగ్యాన్ని. ఈ పనికి శరీర వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ కావాలి, వృషణాలు శరీరం బయట ఉండేది అందుకే. తీవ్రమైన జ్వరం వస్తే ఆ సమయంలో తయారవుతున్న కణాలు దెబ్బతింటాయి. దాని ఫలితం జ్వరంలో కాదు, కొన్ని వారాల తర్వాత కౌంటులో, కదలికలో కనబడుతుంది. మీవారి పరీక్ష సరిగ్గా ఆ రోజుల్లోనే జరిగింది.

రెండోది, పోయిన ఆ మొదటి చుక్కలు. వీర్యమంతా ఒకే ద్రవం కాదు. మొదట ప్రోస్టేట్ ద్రవంతో పాటు వచ్చే భాగంలోనే వీర్యకణాలు ఎక్కువ. తర్వాత సెమినల్ వెసికిల్స్ అనే గ్రంథుల నుంచి వచ్చేది పరిమాణంలో ఎక్కువే కానీ కణాలు తక్కువ. మొదటి భాగం కింద పడితే పరిమాణమూ కౌంటూ రెండూ తగ్గుతాయి. ఈ మాట ల్యాబు వాళ్లకు చెప్పి ఫారం మీద రాయించాలి. మొహమాటపడి చెప్పకపోతే డాక్టరు గారికి తెలిసే వీలే లేదు.

మూడోది ప్రయాణం. శాంపిల్ అరగంటలో, మహా అయితే గంటలోపు ల్యాబు చేరాలి. వేడి 20 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఇక్కడ 15, 16 డిగ్రీలుంటుంది. డబ్బా బైక్ బ్యాగులో పెట్టి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఆగితే కదలిక పడిపోవడం ఖాయం. ల్యాబులోని గదిలోనే ఇవ్వడం అన్నింటికంటే మేలు. అక్కడ ఇబ్బందిగా ఉంటే ఇంటికి దగ్గర్లో, గంటలోపు చూస్తామని చెప్పే ల్యాబు వెతకండి. డబ్బా చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకెళ్లండి.

ఇక అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస విలువలు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్లు, మొత్తం శాంపిల్‌లో 3.9 కోట్లు, కదలిక 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లను పరీక్షించి, అందులో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత ఇది. దానికి కింద ఉంటే అవకాశం తగ్గుతుంది, పిల్లలు పుట్టరని కాదు. ఆకారం 3 శాతం అనగానే "మిగతా 97 చెడిపోయాయా" అని చాలామంది కంగారుపడతారు. పిల్లలున్న తండ్రుల్లోనూ ఎక్కువ కణాలు అలాగే ఉంటాయి.

డెంగ్యూ తగ్గి మూడు నెలలు నిండాక మళ్లీ చేయించండి. శాంపిల్ ఇచ్చే ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండాలి. ఎక్కువ రోజులు ఆపితే మంచిదనుకుంటారు, అప్పుడు చచ్చిన కణాలు పెరిగి కదలిక తగ్గుతుంది. మూత్రానికి వెళ్లొచ్చి, చేతులూ అంగమూ కడుక్కుని తడి లేకుండా తుడుచుకోవాలి. ఉమ్మి, నూనె, సబ్బు, మామూలు కండోమ్ ఏదీ వాడకూడదు. వీర్యం మొదట గడ్డకట్టినట్టుంటే భయపడొద్దు, 15 నుంచి 30 నిమిషాల్లో దానంతట అదే పలచబడుతుంది. ఈ రెండో రిపోర్టులోనూ తక్కువ వస్తే కొన్ని వారాల ఎడంతో ఇంకోసారి చేయించి, యూరాలజిస్టుకో, మగవాళ్ల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్టుకో చూపించండి. వేరికోసీల్, అంటే వృషణాల పైన ఉబ్బిన సిరలు, ఉన్నాయేమో డాక్టరు చేత్తో పరీక్షించి చూడాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ హార్మోన్ల రక్తపరీక్షలూ కావాలి. శాంపిల్ పూర్తిగా పట్టినా పరిమాణం తక్కువే వస్తే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో, వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతోందేమో మూత్రం పరీక్షించి చూస్తారు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కౌంటు పెరుగుతుందని జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజక్షన్ ఇస్తానంటే ఒప్పుకోవద్దు. హార్మోన్ బయటి నుంచి రాగానే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు పంపడం తగ్గించేస్తుంది, వృషణాలు పని ఆపేస్తాయి. కౌంటు సున్నాకు కూడా పడుతుంది. ఆపాక కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. సిగరెట్, గుట్కా ఉంటే ఇవాళే మానేయమనండి.

ఈలోగా మీ పరీక్షలు ఆపుకోనక్కర్లేదు. అండం విడుదలవుతోందో లేదో స్కానింగ్‌లో చూడొచ్చు. ట్యూబులు తెరిచున్నాయో తెలిపే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే నెలసరి తగ్గాక, అండం విడుదలకు ముందు తీస్తారు. అండం బతికేది ఒక్క రోజే, వీర్యకణాలు మాత్రం లోపల ఐదు రోజుల దాకా ఉండగలవు. కాబట్టి తేదీలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు. మీకు 35 దాటి ఉన్నా, కౌంటు సున్నా వచ్చి ఉన్నా ఇన్నాళ్లు ఆగమని చెప్పేదాన్ని కాదు. 29కి ఇంకో నెల ఆగడం వల్ల నష్టం లేదు.