సొరకాయను గోటితో గిచ్చి చూడకుండా కొనేదెలా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సరుకుల గురించే. బజారుకు వెళ్లి తెచ్చుకోవాలా, ఫోన్లో ఆర్డరు పెట్టి ఇంటికి తెప్పించుకోవాలా అని. మూడింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు నా మనసు దాని మీదే ఉంది.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఒక్కదాన్నే ఉంటాను. మా వారు పోయి మూడేళ్లయింది. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. కిందటేడు వానల్లో రైతుబజారు నుంచి వస్తూ జారిపడ్డాను. ఎముక విరగలేదు కానీ మోకాలు వాచి పది రోజులు మంచం మీదున్నాను. అప్పటినుంచి అబ్బాయి నన్ను బజారుకు వెళ్లనివ్వడం లేదు. అక్కడినుంచే ఫోన్లో ఆర్డరు పెడతాడు, ఇక్కడ పావుగంటలో గుమ్మంలోకి వచ్చేస్తాయి. వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ వచ్చేవి ముదురు బెండకాయలు, నేను తినని బీన్సు. చెబితే బాధపడతాడని చెప్పను. కొన్ని రోజులు ఎవరితోనూ ఒక్క మాట లేకుండానే గడిచిపోతున్నాయి. బజారుకెళ్తానంటే ‘ఎందుకమ్మా నాకు టెన్షన్ పెడతావ్’ అంటాడు. నాది మొండితనమా? – ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, మీది మొండితనం కాదు. ఇన్నేళ్లూ మీ వంటింట్లోకి ఏం రావాలో మీరే చూసుకున్నారు. ఉన్నట్టుండి ఆ పని బెంగళూరుకు పోయింది. సంచి విప్పితే గానీ ఇవాళ కూరేమిటో మీకే తెలియడం లేదు. అబ్బాయి కళ్లలో మాత్రం మీరు పడిన ఆ ఒక్క రోజే ఉండిపోయింది. వాడి భయం నిజం, మీ బాధా నిజం.

నా సంగతి చెబుతాను. నాకు 71. మూడేళ్ల కిందట కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యింది. దుమ్ములోకీ ఎండలోకీ కొన్నాళ్లు వెళ్లొద్దన్నారు డాక్టరుగారు. నెలన్నర పాటు మా విజయవాడ పటమట రైతుబజారు ముఖం చూడలేదు. మనవరాలు ఫోన్లో యాప్ పెట్టి, ఎక్కడ నొక్కాలో ఓపిగ్గా నేర్పింది. బియ్యం, కందిపప్పు, నూనె, సబ్బులు చక్కగా వచ్చాయి. పది కిలోల బియ్యం సంచి భుజాన వేసుకుని సరుకులు తెచ్చే కుర్రాడు రెండో అంతస్తు ఎక్కి వచ్చేవాడు. మంచినీళ్లిస్తే తాగి, ‘వస్తానమ్మా’ అని పరుగెత్తేవాడు. ఆ మేలు నేను మరిచిపోను. ఇవాళ్టికీ బరువు సరుకులు ఇంటికే తెప్పించుకుంటాను.

కూరగాయల దగ్గర మాత్రం నాకు కుదరలేదు. ఒకరోజు గుత్తివంకాయ చేద్దామని అరకిలో తెప్పించాను. ఎనిమిది కాయలొచ్చాయి, పైకి నిగనిగలాడుతున్నాయి. ధనియాలు, ఎండుమిర్చి, కొబ్బరి వేయించి కారం నూరిపెట్టుకున్నాను. కాయల్ని నాలుగు పక్షాలుగా చీల్చితే మూడింట్లో పురుగు. ఫోటో తీసి పంపితే అయిదు నిమిషాల్లో డబ్బు వెనక్కి వేశారు, కాదనను. నూరిన కారం మాత్రం గిన్నెలో అలాగే ఉండిపోయింది. మిగిలిన అయిదు కాయలకి కూర చేయాలనిపించలేదు.

అదే బజారులో అయితే తొడిమ చూస్తాను. తొడిమ పచ్చగా ఉండి, దాని మీది ముల్లు వేలికి చురుక్కుమంటే ఆ కాయ పొద్దున కోసింది. తొడిమ పక్కన సూదిమొనంత బెజ్జం ఉందేమో తిప్పి చూస్తాను. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉండాలి, బరువు తూగిందంటే లోపల గింజ ముదిరినట్టే. బెండకాయ కొస విరిస్తే టిక్కుమని విరగాలి, వంగిందంటే ముదురు. సొరకాయ మీద గోరు దిగాలి. ఇవి మా అమ్మ నేర్పింది, మీకు మీ అమ్మ నేర్పి ఉంటుంది. ఆ వేళ్లు ఇప్పుడు ఊరికే ఉన్నాయని మీ ఉత్తరంలో నాకు వినిపించింది.

నెలన్నర తర్వాత మళ్లీ బజారుకు వెళ్లాను, నల్లకళ్లద్దాలతో. ఆకుకూరల వరుసలో గోంగూర అమ్మే ఆవిడ నన్ను చూడగానే, ‘కంటికి చేయించుకున్నావా అమ్మా? రోజూ చూస్తన్నా, ఊరెళ్లావేమో అనుకున్నా’ అంది. ఆవిడ పేరు నాకు తెలియదు, నా పేరు ఆవిడకీ తెలియదు. రెండు కట్టలు తీసుకుంటే గుప్పెడు కరివేపాకు కొసరు వేసి, సంచి మూతి ముడివేసి నా చేతికిచ్చింది. ఊళ్లో నేను కనపడకపోతే వెతుక్కునే మనిషి ఒకరున్నారు. ఇంటికి వచ్చి గోంగూర వలుస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను. ‘కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ’ అని ఎక్కువ అడిగేవాళ్లని అంటారు గానీ, అడక్కుండానే వచ్చిన ఆ కొసరు నాకు ఎంత బలాన్నిచ్చిందో చెప్పలేను.

కాబట్టి చెల్లెమ్మా, బజారు మానొద్దు. మళ్లీ పడకుండా ఎలా వెళ్లాలో చూద్దాం. ముందు మోకాలి డాక్టరుని ఎంత దూరం నడవొచ్చో అడగండి. అబ్బాయికి మన మాట కంటే ఆ మాట మీద గురి ఎక్కువ. వానపడిన రోజు వెళ్లకండి. ఎండగా ఉన్నా ఆకుకూరల వరుస దగ్గర జాగ్రత్త. కట్టలు వాడిపోకుండా నీళ్లు చల్లుతూ ఉంటారు, రాలిన ఆకు కిందపడి కాలికింద జారుతుంది. అక్కడ వరుసలోకి దూరకుండా చివరన నిలబడి కట్టలు అందుకోండి. అరిగిన చెప్పులు తీసేసి, అడుగున పట్టు ఉన్నవి కొనుక్కోండి. చేతిలో రెండు కిలోలకు మించి మోయొద్దు. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు ఇంటికే రానివ్వండి, వాటికి గోటితో పనిలేదు. వచ్చేటప్పుడు దగ్గరే కదా అనుకోకుండా ఆటో ఎక్కండి.

అబ్బాయితో ‘నేను వెళ్తాను’ అని పోట్లాటగా అనొద్దు. ‘మంగళవారం, శుక్రవారం పొద్దున ఏడింటికి వెళ్లి ఎనిమిదిన్నరకల్లా వచ్చేస్తాను, వచ్చాక ఫోన్ చేస్తాను’ అని చెప్పండి. ఏ రోజో, ఏ టైమో తెలిస్తే వాడి టెన్షన్ సగం తగ్గుతుంది. ఒకసారి బజారులోంచే వీడియో కాల్ చేసి, గుట్టలుగా పోసిన టమాటాలు, మీ పక్కన నిలబడ్డ మనుషుల్ని చూపించండి. ఇంకో మాట. ఆ యాప్ మీ ఫోన్లో పెట్టించుకోండి. డబ్బు వాడే కట్టనివ్వండి, వాడికి అది తృప్తి. ఏం కావాలో నొక్కేది మాత్రం మీరే. బీన్సు నాకు పడవురా అని కూడా చెప్పేయండి. తల్లికి బీన్సు ఇష్టం లేదని తెలిస్తే ఏ కొడుకూ బాధపడడు. తెలియక పంపుతున్నాడు, అంతే.

రైతుబజార్లు 1999లో మొదలైనప్పుడు నేను కాలేజీలో హోంసైన్సు చెప్పేదాన్ని. మధ్యలో దళారి లేకుండా రైతే తెచ్చి అమ్ముకోవాలనీ, ఆ రోజు ధర బోర్డు మీద రాసి అందరికీ కనపడాలనీ పెట్టారు. పిల్లల్ని తీసుకెళ్లి ఆ బోర్డు చదివించేదాన్ని. ఇప్పటికీ అది చదివాకే లోపలికి అడుగుపెడతాను. పండించిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు, ఎప్పుడు కోశారు, మందు ఎప్పుడు కొట్టారు అని అడగొచ్చు. ఫోన్లో బొమ్మని అడగలేం కదా. వచ్చే వేసవిలో ఆవకాయకి మామిడికాయలు మీరే ఎంచుకుని, టెంకతో సహా ముక్కలు అక్కడే కొట్టించుకుని అబ్బాయికి ఒక జాడీ పంపండి. ఎలా కుదిరిందో నాకు మళ్లీ ఉత్తరం రాయాలి మీరు.

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఏది గుర్తొస్తే అది అప్పటికప్పుడు యాప్‌లో తెప్పించుకుంటాం. నెలాఖరుకి చూస్తే సరుకుల ఖర్చు పెళ్లయిన కొత్తలో కంటే దాదాపు రెట్టింపైంది. పైగా మొన్న వచ్చిన గోధుమపిండి ప్యాకెట్ గడువు ఇంకో పది రోజులే ఉంది. మాకు బజారుకెళ్లే టైం లేదు. ఏం చేయాలి? – కూకట్‌పల్లి నుంచి ఓ అమ్మాయి

జవాబు: అమ్మాయీ, మీ ఉద్యోగాల వేళలు నాకు తెలుసు, మా మనవరాలిదీ అదే పని. తెప్పించుకోవడం తప్పు కాదు. సరుకులు ఇంటికి రావడం మన ఇళ్లలో కొత్తా కాదు. మా నాన్నగారు ఒకటో తారీఖున వెచ్చాల చిట్టా రాసి కొట్టుకి పంపేవారు, సాయంత్రానికి సైకిలు మీద కుర్రాడు తెచ్చి వరండాలో దించేవాడు. చిట్టా నెలకొక్కసారే రాసేవారు. అదే కిటుకు. మీరు నెలకి నలభైసార్లు రాస్తున్నారు. ప్రతిసారీ డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ, ఇంకో 60 రూపాయలది కొంటే ఛార్జీ ఉండదంటే ఆ చాక్లెట్ ఒకటి.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. అయిపోయింది అయిపోయినట్టు రాయండి. ఆదివారం ఒక్కసారి ఆర్డరు పెట్టండి. డబ్బు కట్టే ముందు బిల్లు కిందిదాకా చదవండి. మీరు నొక్కని వస్తువు బుట్టలో చేరినా, చెప్పని ఛార్జీ చివర్లో కనిపించినా అది అన్యాయపు పద్ధతి కిందకే వస్తుందని 2023లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. మీ వీధిలో కిరాణా కొట్టు ఉంటే ఆయన నంబరు తీసుకుని వాట్సాప్‌లో చిట్టా పంపి చూడండి. చాలామంది ఇంటికి పంపుతున్నారు. బియ్యం మాత్రం ముందు ఒక కిలో తెచ్చి వండి చూడండి. కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుంది. పొడిపొడిగా వచ్చిందనుకుంటేనే బస్తా చెప్పండి.

ఆ పిండి ప్యాకెట్ సంగతి ఊరుకోవద్దు. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహార పదార్థం ఇంటికి చేరేసరికి దాని గడువులో కనీసం 30 శాతం గానీ, గడువు తీరడానికి 45 రోజులు గానీ మిగిలి ఉండేలా చూడాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో ఆ కంపెనీలకి చెప్పింది. ప్యాకెట్ మీది తేదీ కనపడేలా ఫోటో తీసి యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మీ కోపాన్ని సరుకు తెచ్చిన కుర్రాడి మీద చూపించకండమ్మా. తేదీ చూసి సంచిలో పెట్టింది అతను కాదు, మెట్లెక్కింది మాత్రం అతనే.

ప్రశ్న: ప్యాకెట్ మీద బరువు అచ్చు వేసి ఉంటుంది. బజారులో తూకం ఎలా నమ్మడం? – గుంటూరు నుంచి ఓ రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: అయ్యా, నమ్మకం సరే, చూసుకోవడం కూడా అవసరమే. ఎలక్ట్రానిక్ కాటా అయితే సరుకు పెట్టకముందు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. గిన్నె పెట్టాక మళ్లీ సున్నా చేయమనండి. ఇలాంటి కాటాకి తూనికలు, కొలతల శాఖ ఏడాదికోసారి ముద్ర వేయాలి, సర్టిఫికెట్ కొట్లో కనపడేలా పెట్టుకోవాలి. అడిగితే చూపించడం వాళ్ల బాధ్యత.

నేను ఒక పని చేస్తాను. కొత్త కొట్టుకి వెళ్లేటప్పుడు సంచిలో విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ ఒకటి వేసుకుంటాను. ‘ఒక్కసారి దీన్ని పెట్టండి బాబూ’ అని కాటా మీద ఉంచుతాను. కవరు బరువుతో కలిపి కిలోకి కొద్దిగా పైన చూపిస్తే కాటా మంచిదే. కిలో కంటే బాగా ఎక్కువ చూపించిందంటే ఆ కాటా సరుకుని ఎక్కువగా తూస్తోందన్నమాట. అక్కడ మీరు కిలోకి డబ్బిచ్చి తక్కువ తెచ్చుకుంటారు. ఉప్పు ప్యాకెట్ మళ్లీ సంచిలో వేసుకుని పక్క కొట్టుకి నడవండి.