ఫీస్టు గురించి రాస్తున్న అబ్బాయికి

అనంతపురం

నాయనా,

నువ్వు కర్నూలు నుంచి పంపిన కథ 'పందొమ్మిది రోజుల విందు' అందింది. నిదానంగా చదివాను. మన బహాయి సమాజం గురించి, పందొమ్మిది రోజుల మన నెలకొకసారి అందరం కూడే ఫీస్టు గురించి తెలుగులో కథ రాసే పిల్లలు ఎంతమంది ఉంటారు చెప్పు? అందుకే నీ మీద ఆశ పెట్టుకున్నాను. ఆ ఆశతోనే మొహమాటం లేకుండా రాస్తున్నా.

మొదటి రెండు పేజీలూ తీసేయ్. 1817లో టెహ్రాన్‌లో మన మతస్థాపకుడు బహావుల్లా పుట్టడం, 1863లో బాగ్దాదు తోటలో తాను దేవుడు పంపినవాణ్నని ప్రకటించడం, ఆయన్ను ఉంచిన అక్కా పట్టణపు చెరసాల, అన్నీ సరిగ్గానే రాశావు. కానీ చదివేవాడు ఇంకా మీ ఇంట్లోకి రానేలేదు. వాకిట్లో చెప్పులు, వసారాలో పరిచిన చాపలు, పొద్దు గుంకకముందే వచ్చి కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళు, వీళ్ళతో మొదలుపెట్టు. చరిత్ర అవసరమైన చోట అదే వస్తుంది.

ఒకచోట మాత్రం నా కన్ను నిలిచిపోయింది. "ఈ నెల ఓళిగలు చెయ్యలేను, బొరుగులు కలిపి పెడతా" అని మీ అమ్మ చిన్నబుచ్చుకున్న చోటు. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. నెలకొకసారి విందు ఇవ్వండి, నీళ్ళు తప్ప మరేమీ లేకపోయినా సరే అని బహావుల్లా తన ధర్మగ్రంథం కితాబె అక్దస్‌లోనే చెప్పారు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే వీధిలో ఆ మాట ఎలా వినపడుతుందో ఆలోచించు. మన సీమలో నీళ్ళివ్వడం చిన్న మర్యాదేం కాదు. మీ అమ్మకు ఆ సంగతి తెలుసా? తెలిసీ బాధపడిందా? నీ కథ అక్కడుంది.

ప్రార్థనల భాగమంతా 'పారవశ్యం', 'దివ్యానుభూతి' అంటూ నింపావు. ఆ మాటలు ఏ గుడి గురించి రాసినా, ఏ దర్గా గురించి రాసినా సరిపోతాయి. మనకు పూజారి లేడు, ముల్లా లేడు. ఎవరి చేతికి పుస్తకం వస్తే వాళ్ళు చదువుతారు. అది ఎలా ఉంటుందో చూపించు. మా ఊళ్ళో ఒక ఫీస్టులో ఆరో తరగతి పాప ప్రార్థన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అక్షరాల కింద వేలు నడుపుతూ చదువుతోంది. ఒక పొడుగు సంస్కృత సమాసం దగ్గర చిక్కుకుంది. పక్కన కూర్చున్న అవ్వకు చదువు రాదు, ప్రార్థన మాత్రం కంఠతా వచ్చు. పాప చెవి దగ్గర ఆ మాట మెల్లగా అందించింది. పాప తలెత్తకుండానే అందుకుని ముందుకు పోయింది. ఇలాంటిది ఒకటి దొరికితే 'భక్తి' అన్న మాట రాయాల్సిన పనే ఉండదు.

ఇంకో సంగతి. ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చునే ప్రార్థనా సమావేశం వేరు, ఫీస్టు వేరు. నువ్వు రెండింటినీ కలిపేశావు. మొదటిదానికి ఎవరైనా రావచ్చు, గీతలోంచో ఖురాన్‌లోంచో చదవచ్చు. ఫీస్టులో ప్రార్థనలయ్యాక జరిగే సంప్రదింపులు మన ఇంటి వ్యవహారం. ఎవరు ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు ఎత్తి కథలో పెట్టకు. నిధికి ఎవరెంత ఇచ్చారన్నది అసలే వద్దు, అది ఇచ్చినవాళ్ళకూ కోశాధికారికీ తెలిస్తే చాలు. మనిషి తీరు తీసుకో, మాటలు నువ్వు కల్పించు.

'మతసామరస్యానికి నిలువెత్తు నిదర్శనం' కొట్టేయ్. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు పోవడం, పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు పోవడం తెలిసిన పాఠకుడికి ఆ మాట చెప్పాలా?

అన్నిటికంటే నాకు లోటుగా అనిపించింది, ఆ బాగ్దాదు తోట ప్రకటనను తలుచుకునే రిజ్వాన్ పండుగలో జరిగే ఎన్నిక. ఊళ్ళో మన సమాజం వ్యవహారాలు చూసే తొమ్మిదిమంది సభ అది, నువ్వేమో 'స్థానిక ఆధ్యాత్మిక సభను ఎన్నుకున్నారు' అని రాసి వదిలేశావు. అయ్యో నాయనా! ఎన్నికలంటే వర్గాలు, పంతాలు, ఏళ్ళకేళ్ళు మాటలు లేకుండా పోయిన అన్నదమ్ములు, ఇదంతా చూసి పెరిగిన నేల మనది. ఆ నేల మీద ఏప్రిల్ ఎండలకు ఫ్యాను కింద కూర్చుని, ప్రార్థన చేసుకుని, ఒక్కొక్కరూ తొమ్మిది పేర్లు కాగితం మీద రాసి మడిచి ఇస్తున్నారు. పోటీ చేసేవాళ్ళు లేరు, ప్రచారం లేదు, ఫలానావాళ్ళకు వెయ్యమని భర్త భార్యకు కూడా చెప్పకూడదు. చివరి స్థానానికి ఇద్దరికి సమానంగా ఓట్లు వచ్చి, వాళ్ళలో ఒకరు అల్పసంఖ్యాక వర్గం వారైతే మళ్ళీ ఓటింగు లేకుండా ఆ స్థానం వాళ్ళకే. ఒకప్పుడు ఊళ్ళో పార్టీ కోసం తలలు పగలగొట్టుకున్న మనిషి ఇక్కడ కూర్చుని, తొమ్మిదో పేరు దగ్గర పెన్ను ఆపి ఎవరి గురించి ఆలోచిస్తుంటాడు? తనకు గిట్టనివాడి పేరు రాయగలడా? ఇది నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు?

తేదీలు కూడా సరిచూసుకో. మన రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి ఫీస్టు ముందురోజు సాయంత్రమే పెట్టుకోవచ్చు. మన కొత్త సంవత్సరం నౌరూజ్ ఎప్పుడూ మార్చి 21 అని రాశావు. 2015 నుంచి పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు టెహ్రాన్‌లో పడే సమయాన్ని బట్టి లెక్క, కొన్నేళ్ళు 20నే వస్తుంది. దాన్ని బట్టే రిజ్వాన్ కూడా ఒక రోజు అటూ ఇటూ అవుతుంది.

మొత్తం తిరగరాయడానికి తొందరపడకు. ముందు ఆ ఎన్నిక సాయంత్రం ఒక్కటీ రాసి పంపు. అమ్మను అడిగానని చెప్పు. బొరుగుల్లోకి ఏమేం కలిపిందో కూడా అడిగి రాయి, అది కథలో లేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన