ప్రభల తీర్థం డీవీడీ మారిస్తే గీతలు: సమాధానం

కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం డీవీడీని ఎంపీ4 చేశాక, ప్రభ (భుజాల మీద మోసుకెళ్ళే ఎత్తైన అలంకరణ) ఊగినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు వస్తున్నాయంటే తప్పు ఎంపీ4ది కాదండి. ఎంకేవీ (మరో రకం వీడియో ఫైలు) చేసినా అవే వస్తాయి. మీ పాత వీడియో ఇంటర్లేస్డ్: ఒక్కో ఫ్రేములో సెకనులో 50వ వంతు తేడాతో తీసిన రెండు సగాలుంటాయి; కదిలే చోట అవి ఒకదానితో ఒకటి కలవక గీతలు పడతాయి.

1. ముందు డిస్కును ఐఎస్ఓగా (డిస్కు మొత్తానికి నకలైన ఒకే ఫైలుగా) కాపీ చేయండి. అసలుది పారేయొద్దు.

2. హ్యాండ్‌బ్రేక్ (వీడియోలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) ఫిల్టర్లలో డీఇంటర్లేస్‌కి (ఆ గీతలు తీసేందుకు) యాడిఫ్, ప్రీసెట్ బాబ్ ఎంచుకోండి. బాబ్ ఒక్కో సగాన్నీ ఒక్కో పూర్తి ఫ్రేముగా మారుస్తుంది.
చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములో) కూడా 50 పెట్టాలి! 25 పెడితే సగం కదలిక పోయి, డప్పు కొట్టే చేతులు గెంతినట్టు కనిపిస్తాయి.

3. వీడియోకి హెచ్.264, ఆడియోకి ఏఏసీ, ఫైలుకి ఎంపీ4 ఎంచుకోండి. దాదాపు ఏ టీవీలోనైనా ఆడుతుంది. బొమ్మ సైజును 1080కి (ఫుల్ హెచ్‌డీకి) పెంచకండి, ఫైలు బరువే తప్ప స్పష్టత రాదు.

మొత్తం మార్చే ముందు ప్రభలు కౌశిక నది దాటే ముక్క ఒక్కటి చేసి, టీవీలో చూడండి.