పాలిచ్చే ఆవును కొనాలా, పాలిచ్చే వంశాన్ని పెంచుకోవాలా?

ప్రశ్న: మాకు 10 పాడి ఆవులున్నాయి. సగటున ఒక్కోటి రోజుకు 10 లీటర్లు ఇస్తుంది. మందను మెరుగుపరచాలని 5 ఏళ్ల అప్పు తీసుకుని, 16 లీటర్లిచ్చే ఆవులు రెండు, మేలుజాతి ఆబోతు ఒకటి కొనాలనుకుంటున్నాం. దాచుకున్న డబ్బు కూడా ఇందులోనే పెట్టేయమంటారా?

జవాబు: వద్దండి. దాచుకున్న డబ్బు ముట్టుకోకండి, ఆబోతు ఆలోచన మానేయండి. ఆ రెండు ఆవుల సంగతి మాత్రం లెక్క వేసి చూద్దాం.

16 లీటర్లిచ్చే ఆవును పాల కోసం కొంటే అది ఒక లెక్క. ఇంటికొచ్చిన రోజు నుంచే రాబడి ఉంటుంది కాబట్టి దానికి అప్పు తీసుకోవడంలో తప్పు లేదు. కానీ అమ్మేవాళ్లు చెప్పే 16 లీటర్లు ఏ రోజువో అడగండి. ఈనిన నెలన్నర, రెండు నెలలకు పాలు గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి తగ్గుతూ పోతాయి. తర్వాతి ఈతకు ముందు ఇంచుమించు 2 నెలలు వట్టిపోతుంది. కిస్తీ మాత్రం ఆ 2 నెలలూ కట్టాల్సిందే.

‘దీని కడుపున పుట్టే పెయ్యలూ ఇలాగే ఇస్తాయి’ అని ఎక్కువ ధర అడిగితే, అది వేరే లెక్క. ఒకే మందలో ఆవుల దిగుబడి మధ్య కనిపించే తేడాలో వంశం వాటా సుమారు 30 శాతమే. మిగతాదంతా మేత, ఆరోగ్యం, ఎన్నో ఈత, ఎలా చూసుకున్నారు అన్నవాటి వల్ల వచ్చేదే. మీ సగటుకూ ఆ ఆవుకూ తేడా 6 లీటర్లు. అందులో వంశానిది 1.8 లీటర్లు. తల్లి నుంచి దూడకు సగమే వస్తుంది కాబట్టి పెయ్యకు చేరుతుందని ఆశించగలిగింది 0.9 లీటరు. ఆ ఆవు మీకంటే బాగా మేపే చోట పెరిగి ఉంటే అదీ నమ్మకం లేదు. 6 లీటర్ల తేడాకు ధర కట్టి, తర్వాతి తరానికి లీటరు కూడా అందించలేకపోతారు. నన్ను అన్నిటికంటే ఆందోళన పెట్టింది ఇదే.

ఇక ఆబోతు. అది పాలివ్వదు, దాని విలువ దాని కూతుళ్ల పాలలోనే తెలుస్తుంది. ఒకప్పుడు అది తేలడానికి 5, 6 ఏళ్లు పట్టేది. 2009లో అమెరికాలో హోల్‌స్టీన్ అనే పాడి ఆవుల జాతికి డీఎన్ఏ ఆధారంగా అధికారిక అంచనాలు మొదలయ్యాక, చిన్న దూడగా ఉన్నప్పుడే ఎంచుకోవడం వీలైంది. అలా పరీక్షకు నిలిచిన ఆబోతుల వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వ ఉంటుంది. ఒక్కో ఆవుకు ఆ వీర్యం ఎక్కించే సూది రెండు మూడుసార్లు వేయించాల్సి వచ్చినా, మీ 10 ఆవులకు ఏడాదికి 20, 30 డోసులు చాలు. సొంత ఆబోతును ఏడాదంతా మేపే ఖర్చుతో పోల్చి చూడండి. పైగా మూడేళ్లలో దాని కూతుళ్లే మీ మందలో ఎదకు వస్తాయి. వాటిని తండ్రితోనే దాటిస్తే దూడలో రక్తసంబంధం (ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చేరే అవకాశం) 25 శాతం.

డోసులు కొన్నా ఒకే ఆబోతువి కొనకండి. 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆబోతు పాల దిగుబడిని ఎంతో పెంచింది. లక్షల ఆవులు దాని సంతతే. దానితోపాటే, కడుపులోనే పిండాన్ని చంపే ఒక జన్యులోపమూ లోకమంతా పాకింది. దాని వల్ల 5 లక్షలకు పైగా చూడి ఆవులు ఈచుకుపోయాయని అంచనా. డబ్బంతా ఒకే షేర్‌లో పెట్టొద్దని చెప్పేది ఇలాంటి ప్రమాదం గురించే.

ఇప్పుడు అప్పు. ఈ రోజు సూది వేస్తే, మొదటిసారే చూడి కట్టినా దూడ పుట్టడానికి సుమారు 280 రోజులు. బాగా మేపిన పెయ్య తొలి ఈత ఈనేసరికి 24 నెలలు, మేత తగ్గితే 30, 36. అంటే తొందరగా అనుకున్నా 33 నెలలు. మీ 60 కిస్తీల్లో సగానికి పైగా ఆ పెయ్య నుంచి చుక్క పాలు రాకుండానే కట్టాలి. అసలు ఖర్చు వీర్యానిది కాదు, పెయ్యను పెంచడానిది. అందుకే జాతి మెరుగుదలకు అప్పు వద్దు, నెలనెలా పాల డబ్బులో మిగిలిన దాంట్లోంచే పెట్టండి.

నా మాట వింటే ఇలా చేయండి. 6 నెలల మేతకు, వైద్యానికి సరిపడే డబ్బు వెంటనే తీసుకోగలిగే డిపాజిట్‌లో వేయండి. ప్రతి ఆవుకూ పాల లెక్క, ఎదకొచ్చిన తేదీ, సూది వేసిన తేదీ రాయడం రేపే మొదలుపెట్టండి. ఒక్క ఎద గమనించకపోతే 21 రోజులు పోతాయి. చూడి కట్టడంలో ఆవుల మధ్య ఉండే తేడాల్లో వంశం వాటా 10 శాతం లోపే, కాబట్టి అక్కడ లాభం మీ కళ్ల మీదే ఆధారపడింది. లెక్కల్లో పైన నిలిచిన నాలుగైదు ఆవులకు మేలైన వీర్యం వేయించండి, వాటి పెయ్యలనే ఉంచుకోండి. ఆడదూడలే ఎక్కువగా పుట్టే సెక్స్‌డ్ సెమెన్‌తో 90 శాతం దాకా పెయ్యలే వస్తాయి, కానీ చూడి కట్టే అవకాశం కాస్త తక్కువ. దాన్ని తొలిసారి దాటించే ఆరోగ్యమైన పెయ్యలకు వాడితే మేలు. మీ దూడలకు డీఎన్ఏ పరీక్షలు చేయించమని ఎవరైనా అంటే ప్రస్తుతానికి వద్దనండి.

అప్పు కాగితాల మీద సంతకం పెట్టే ముందు, ఆ రెండు ఆవుల మొత్తం ఈత పాల లెక్క రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అది పంపితే కిస్తీకి సరిపోతుందో లేదో నెలవారీగా లెక్క కట్టి చెబుతాను.