అమ్ములూ, గ్రూపులో పెట్టేముందు ఇది చదువు

అమ్ములూ,

నిన్న రాత్రి పదకొండింటికి మీ నాన్న ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు, "నీ మేనకోడలు నీలాగే తయారైంది, ఇప్పుడు హాయిగా ఉందా నీకు" అన్నాడు. నువ్వు దేవుడ్ని నమ్మట్లేదని, ఇకమీదట ప్రార్థనల్లో కూర్చోనని ఆదివారం ఫ్యామిలీ గ్రూపులో రాసి పెడతానన్నావట కదా. వాడు తిడుతున్నంతసేపూ నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను, నా తర్వాత ఈ ఇంట్లో ఇంకొకళ్లు నోరు విప్పుతారని ఎప్పుడూ అనుకోలేదు మరి. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. మూడింటి దాకా అటూ ఇటూ దొర్లి, ఇక లాభం లేదని లేచి ఇది టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

నీ మనసు మార్చడానికి రాయట్లేదు, నాకే మారలేదు నీకేం మారుస్తాను. నలభై ఏళ్లుగా ఇంతమంది భక్తుల మధ్య, అందరికీ తెలిసేలా, నమ్మకం లేకుండా బతుకుతున్నా కాబట్టి తెలిసింది చెప్తున్నా.

జీతం నీ అకౌంట్లోనే పడాలి, సర్టిఫికెట్లు నీ దగ్గరే ఉండాలి, ఏ అర్ధరాత్రైనా వెళ్లి తలుపు కొట్టగలిగే ఇల్లు ఒకటుండాలి (నాదుంది, తాళం చెవి నీ దగ్గరే ఉంది). ఇవి నీకు తెలియనివి కాదు.

గ్రూపులో మాత్రం పెట్టకు. పిరికితనం నేర్పుతున్నానని అనుకోకు. ఒక్కడే ఉన్నప్పుడు "సర్లేవే, నీ ఇష్టం" అనేసే మనిషి కూడా నలుగురి ముందు ఊరుకోలేడు, ఊరుకుంటే వీడూ ఆ పిల్ల పక్షమే అనుకుంటారని భయం, అందుకని లోపల లేని కోపం కూడా తెచ్చుకుని రాస్తాడు, ఒకసారి రాశాక ఇంక వెనక్కి తీసుకోలేడు, నువ్వూ తీసుకోలేవు, డిలీట్ చేసేలోపు పదిమంది దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటుంది. ఒక్కొక్కళ్లకీ విడిగా చెప్పు. ముందు మీ అమ్మకి. ఎందుకంటే నిన్నెవరూ ఏమీ అనరు, "పిల్లని ఇలాగేనా పెంచింది" అని ఆవిడనే అంటారు, అప్పుడు తనకి ఏదో ఒక జవాబు చేతిలో ఉండాలి కదా. దేవుడు లేడు అని మొదలుపెట్టకు, నాకు నమ్మకం కలగట్లేదమ్మా అను. మొదటిది వింటే వాళ్లకి వాదించాలనిపిస్తుంది, రెండోదానికి వాదించడానికేం ఉంటుంది.

ఉద్యోగానికి ఇంకో దేశం చూస్తున్నావని కూడా విన్నా. అక్కడి చట్టం చదవకుండా నీ పేరుతో ఒక్క ముక్క రాయకు. మానవ హక్కుల ప్రకటనలో 18వ ఆర్టికల్ ఉంది, 1948లోనే రాశారు, మతం మార్చుకునే స్వేచ్ఛ కూడా అందులో ఉంది, కాగితం మీద అంతా బంగారమే. మతం వదిలేస్తే మరణశిక్ష అని చట్టంలో రాసుకున్న దేశాలు ఇవాళ్టికీ ఉన్నాయి. నా మూడింటి మెలకువలో సగం ఇదే.

మిగతా సగం నీ నోరు. నీకు నా నోరే వచ్చింది.

జార్జ్ హోలియోక్ అని ఒకాయన ఉండేవాడు, సెక్యులరిజం అనే మాట పుట్టించింది ఆయనే. 1842లో ఇంగ్లండ్‌లో చెల్టెన్‌హామ్ అనే ఊళ్లో ఉపన్యాసం ఇస్తుంటే ఎవరో లేచి దేవుడి సంగతేంటి అని అడిగారు. జనం ఇంత దరిద్రంలో ఉంటే దేవుడికి సగం జీతం చాల్లే అన్నట్టు ఒక చమత్కారం విసిరాడు. దైవదూషణ అని ఆర్నెల్లు జైల్లో పెట్టారు, ఆయన లోపల ఉండగానే ఇంటి దగ్గర పసికూతురు చచ్చిపోయింది. శిక్ష అన్యాయమే, డౌట్ లేదు. కానీ నాకు ఎప్పుడూ ఆ చమత్కారమే గుర్తొస్తుంది, అనేటప్పుడు నోటికి ఎంత తియ్యగా ఉండుంటుందో నాకు తెలుసు కాబట్టి.

మీ నానమ్మకి ఆపరేషన్ అయిన రోజు సంగతి నీకు ఎవరూ చెప్పుండరు. అప్పటికి నాకు ఇరవయ్యారు, నా సంగతి అందరికీ చెప్పేసి ఏడాది అయింది, మంచి పొగరు మీదున్నా. లోపలికి తీసుకెళ్లే ముందు ఉంగరం తీసెయ్యాలన్నారు, అది ఎన్నేళ్ల ఉంగరమో రాలేదు, నర్సు సబ్బునీళ్లు రాసి తిప్పి తిప్పి లాగింది, వేలంతా ఎర్రగా కమిలిపోయింది. ఆ చేత్తోనే అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి నాతో పాటు దణ్ణం పెట్టుకోవే, నీకోసం కాదు, నాకోసం" అంది. గది నిండా చుట్టాలు. అందరూ నావైపే చూస్తున్నారు. నేను, "పైనున్నాయన ఎందుకమ్మా, ఆ థియేటర్లో ఉన్నాయనకి మొక్కుకో, కత్తి ఆయన చేతిలో ఉంది" అన్నా.

ఎవరో ఫక్కున నవ్వారు. అమ్మ ఏమీ అనలేదు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది, చలేస్తున్నట్టు.

ఆపరేషన్ బాగానే జరిగింది, ఇంకో పదకొండేళ్లు బతికింది. ఆ పదకొండేళ్లలో నా ముందు ఒక్కసారి కూడా ప్రార్థన చెయ్యలేదు. నేను గుమ్మంలోకొస్తే చాలు, చదువుతున్న పుస్తకం దిండు కింద దోపేసి "ఎప్పుడొచ్చావే" అనేది. ఒకసారి తెల్లారుజామున లేచి వెళ్తుంటే వంటింట్లో లైటు వెయ్యకుండా నిలబడి పెదాలు కదుపుతోంది, నా అడుగుల చప్పుడు విని గబుక్కున కొళాయి తిప్పింది, మంచినీళ్ల కోసం వచ్చినట్టు. చేతిలో గ్లాసు లేదు.

నాకు పదహారేళ్లప్పుడు నేనూ సరిగ్గా అంతే, అందరూ కళ్లు మూసుకుంటే నేనూ మూసుకుని పెదాలు ఉత్తినే కదిపేదాన్ని, ఎక్కడ దొరికిపోతానోనని. ఆ దాక్కోవడం భరించలేకే కదా అందరికీ చెప్పేసింది. నేను బయటికొచ్చి మా అమ్మని లోపలికి తోసేశా, ఆవిడ ఇంట్లోనే. "అమ్మా, నువ్వు చేసుకో, నేను కూర్చుంటా" అనాలి, ఐదు మాటలు. పదకొండేళ్లూ గొంతులోనే ఉండిపోయాయి.

అందుకని ఇప్పుడు ఎవరైనా ప్రార్థన చేసుకుంటుంటే నేను లేచి వెళ్లిపోను, కూర్చుంటా. చేతులు జోడించను, పెదాలు కదపను, ఫోన్ చూడను. మొదట్లో గుచ్చి గుచ్చి చూసేవాళ్లు, తర్వాత అలవాటు పడిపోయారు. నువ్వు అసలు కూర్చోనే కూర్చోనంటున్నావు, అది నీ ఇష్టం, కానీ నమ్మనని చెప్పడం వేరు, కూర్చోననడం వేరు, రెండూ ఒక్క రోజే చెప్పకు తల్లీ.

నాస్తికుడు గోరా గారు కూతురి పెళ్లి గాంధీ గారి ఆశ్రమం సేవాగ్రాంలో పెట్టుకున్నప్పుడు, నాస్తికుల పెళ్లి కదా, పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అని మార్చడానికి గాంధీ గారు ఒప్పుకున్నారు. 1948 మార్చిలో పెళ్లయ్యే నాటికి గాంధీ గారు లేరనుకో. అంత భక్తుడూ అంత నాస్తికుడూ ఒక్క మాట దగ్గర సర్దుకున్నారు. ఎక్కడైనా దైవసాక్షిగా అనమంటే మనస్సాక్షిగా అంటాను, కుదురుతుందా అని ముందు నెమ్మదిగా అడుగు. చాలాచోట్ల కుదురుతుంది.

జ్వరమొస్తే తలుపు తట్టేవాళ్లని కూడా వెతుక్కో. మనవాళ్ల ప్రార్థనలకి వెళ్లకపోతే నువ్వు బతికున్నావో లేదో కూడా వాళ్లకి తెలీదు, పగబట్టి కాదు, కనపడవు కాబట్టి. నేను ఒకసారి మూడు రోజులు మంచం మీద ఉండి నాలుగో రోజు నేనే లేచి కాచుకుని తాగా. అప్పట్నుంచి వారానికి ముగ్గురికైనా నేనే ఫోన్ చేస్తా, పనేం లేకపోయినా.

నేను పోయాక ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రాసి సంతకం పెట్టి బీరువాలో పై అరలో ఉంచా. నీకిది ఇప్పుడెందుకూ అనుకుంటావు. ఆ రోజు నా తరఫున మాట్లాడాల్సింది నువ్వే, అందుకు. అప్పుడు కూడా ఎవరైనా కాసేపు దణ్ణం పెట్టుకుంటామంటే పెట్టుకోనీ, నాకేం వినపడదు.

ఇంకోటి. ఆరోజు ఆస్పత్రిలో నవ్వింది మీ నాన్న. ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, నువ్వూ ఎత్తకు. అందుకే వాడికి నీమీద అంత కోపం, నీమీద కాదది.

వాడికి నువ్వే చెప్పు, పక్కన కూర్చుని. పొద్దున పూట చెప్పు, రాత్రి చెప్తే మళ్లీ నాకే ఫోన్ చేస్తాడు.

మీ అత్త