సందేహాలు – సమాధానాలు: వైకింగుల "పూజారిణి"ని తెలుగులో ఏమనాలి?

సందేహం: మేం డెన్మార్క్‌లో ఉంటాం. కోపెన్‌హాగెన్ నేషనల్ మ్యూజియంలో వైకింగుల కాలపు ఒకావిడ సమాధి సామాను చూశాక, క్రైస్తవం రాకముందటి వాళ్ల మతంలో ఆడవాళ్ల పాత్ర గురించి తెలుగులో రాద్దామని కూర్చున్నాను. పూజారిణి అని రాస్తే అది తప్పు, అర్చకురాలు అనాలని ఒకరు, మంత్రగత్తె అంటే సరిపోతుందని ఇంకొకరు. ఏది కరెక్టు?

సమాధానం: పూజారిణి తప్పేం కాదండీ. పూజారికి "ఇణి" ఎలా తగిలిస్తారని వ్యాకరణం తెలిసినవాళ్లు మూతి విరవొచ్చు గానీ, జనం నోట్లో ఎప్పుడో కుదురుకున్న మాట, వాడుకోండి. అర్చకురాలు కూడా నాయకురాలు లాగా చక్కటి మాటే, కాకపోతే వినగానే గర్భగుడి, అభిషేకం, అష్టోత్తరం కళ్లముందుకొస్తాయి, అక్కడ అవేం లేవు కదా.

అసలు చిక్కేంటంటే మీరు ఒక్క మాటలో ఇరికిద్దామనుకుంటున్నది రెండు రకాల మనుషుల్ని. ఐస్‌లాండ్‌లో ఊరి పెత్తనం, గుడి పెత్తనం రెండూ చూసే మగవాణ్ని గోది అనేవాళ్లు, దానికి ఆడరూపం గిద్యా. అక్కడి ఒక పాతగాథలో స్టెయిన్‌వోర్ అనే ఆవిడ గుడి చూసుకుంటూ, రైతులు కట్టాల్సిన గుడిపన్ను కూడా తనే వసూలు చేసేది. ఈవిణ్ని నిక్షేపంగా పూజారిణి అనండి. ఇంట్లో చేసే బలుల దగ్గర ఇల్లాలి మాటే చెల్లినట్టుంది, 11వ శతాబ్దం మొదట్లో సిగ్వాట్ అనే కవి స్వీడన్ వైపు వెళ్తూ రాత్రికి తలదాచుకుందామని ఒక ఇంటికెళ్తే, ఇంటావిడ గుమ్మంలోనే ఆపేసి, లోపల ఆల్ఫ్‌లకి (వాళ్లు కొలిచే ఒక రకం అతీత శక్తులకి) బలి జరుగుతోంది, ఓడిన్‌కి (వాళ్ల పెద్ద దేవుడికి) కోపమొస్తుంది పో అని పంపించేసిందట. పాపం కవిగారు క్రైస్తవుడు లెండి.

రెండో రకం వోల్వ, అంటే జరగబోయేది చెప్పే ఆవిడ. మీరు మ్యూజియంలో చూసింది ఫిర్కాట్ సమాధి సామానే అయ్యుంటుంది, సుమారు 980 నాటిది, బండి తొట్టిలో పడుకోబెట్టి పూడ్చారు, పక్కన ఇనప కడ్డీ, హెన్‌బేన్ గింజలు (మన మూలికల కొట్లలో ఖురాసానీ వాము అంటారే, అదే). వోల్వ అంటేనే కర్ర పట్టుకున్నావిడ అని, అందుకే ఆ కడ్డీ చూసి ఈవిడ వోల్వ అయ్యుండొచ్చని అంటారు.

వోల్వ ఏం చేసేదో తెలియాలంటే ఎర్ర ఎరిక్ గాథ అనే ఐస్‌లాండ్ పాతగాథలో థోర్‌బ్యోర్గ్ అనే వోల్వ కథ చూడాలి. గ్రీన్‌లాండ్‌లో కరువు, వేటకెళ్లినవాళ్లు సరిగ్గా ఏం తేలేకపోతున్నారు, కొందరు తిరిగే రాలేదు. ఈ కరువు ఎప్పుడు పోతుందో చెప్పమని థోర్కెల్ అనే ఆసామి ఆవిణ్ని ఇంటికి పిలుస్తాడు. కింద అంచుదాకా రాళ్లు పొదిగిన అంగీ, లోపల తెల్లపిల్లి తోలు వేసిన నల్ల గొర్రెపిల్ల తోలు టోపీ, ఇత్తడి పిడి కర్ర. కోడి ఈకల దిండు వేసిన ఎత్తు పీట మీద కూర్చోబెట్టి, మేకపాల జావ, అక్కడ దొరికే జంతువులన్నిటి గుండెకాయలు వండి పెడతారు. మర్నాడు ఆత్మల్ని రప్పించే పాట ఎవరికైనా వచ్చా అంటే గుడ్రిడ్ అనే అమ్మాయికి తప్ప ఎవరికీ రాదు, ఆ పిల్లేమో నేను క్రైస్తవురాలిని పాడనంటుంది, ఇంటాయన బతిమాలితే పాడుతుంది. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడితే, ఇదివరకు ముఖం చాటేసిన ఆత్మలు కూడా పాట విని వచ్చాయని, కరువు ఈ చలికాలంతోనే సరి అని థోర్‌బ్యోర్గ్ చెబుతుంది. రాసింది 13వ శతాబ్దంలో, అదీ క్రైస్తవులు, కాబట్టి పిల్లితోలు దాకా ప్రతీదీ నమ్మక్కర్లేదు.

ఇప్పుడు మాట. "సోదె చెబుతానమ్మా సోదె" అంటూ వీధిలో వచ్చే సోదెమ్మ గుర్తొస్తుంది గానీ ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెయ్యి చూస్తుంది, పైగా ఈమధ్య సోది అంటే సుత్తి అని అర్థం అయిపోయింది, వద్దు. ఊరంతటికీ వానలూ పంటలూ చెప్పడం చూస్తే సికింద్రాబాద్ బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆవిడ ఇంకా దగ్గర, కానీ అక్కడ పలికేది అమ్మవారు. థోర్‌బ్యోర్గ్‌కి పూనకం వచ్చినట్టు ఆ గాథలో ఎక్కడా లేదు, వచ్చిన ఆత్మల దగ్గర తెలుసుకుని తన నోటితో తనే చెప్పింది. మంత్రగత్తె అంటే మాత్రం నేనొప్పుకోను, చేతబడి వాసన కొడుతుంది. వీళ్ల సెయిద్ అనే విద్యతో కీడు చేసిన కథలు లేకపోలేదు, కానీ దాన్ని దేవతలకి నేర్పింది ఫ్రేయా అనే దేవత. మగాళ్లు చేస్తే సిగ్గుచేటు, అందుకే ఓడిన్ అంతటివాణ్ని కూడా "లోకి" అనే ఇంకో దేవుడు ఎద్దేవా చేస్తాడు.

నా ఓటు వోల్వకే. మొదటిసారి "జరగబోయేది చెప్పే వోల్వ" అని రాసి తర్వాత ఉత్త వోల్వ అనండి, రెండు పేరాల్లో పాఠకుడికి అలవాటైపోతుంది. బహువచనానికి వోల్వలు చాలు, వాళ్ల భాషలో వోలుర్ అవుతుందని ఇక్కడికి లాక్కురావద్దు. ఇంకోటి, "అది", "దాని" అని రాయకండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పీట మీద కూర్చోబెట్టిన మనిషి, "ఆవిడ" అనే అనండి.