విద్యార్థి మరణం తర్వాత తరగతి మూగబోతే

మీ పాఠశాలలో విద్యార్థి ఆత్మహత్య జరిగి పది రోజులైనా తొమ్మిదో తరగతి పిల్లలు నోరు విప్పడం లేదని, పుకార్లు ఆగడం లేదని మీరు రాశారు. సంతాప సభ జరిపి, మర్నాటి నుంచి ఆ మాటే ఎత్తకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. పెద్దలు మౌనంగా ఉంటే పుకార్లే మాట్లాడతాయి.

1. కుటుంబాన్ని అడిగి, వారు ఒప్పుకున్నంతే చెప్పండి. ఎలా జరిగిందో వివరించవద్దు. మార్కులే కారణమని తేల్చేయవద్దు.

2. మైదానంలో కాదు, తరగతి గదిలో, పిల్లలకు చనువున్న ఉపాధ్యాయులే మాట్లాడాలి.

3. చాలామంది మరిచేది ఇదే: ఎవరికి ఎక్కువ తోడు కావాలో పేర్లు రాసుకోండి. ప్రాణస్నేహితులే కాదు, ముందురోజు గొడవపడిన పిల్లవాడు, బస్సులో పక్కన కూర్చునే అమ్మాయి, ఇదివరకే దిగులుతో ఉన్నవారు కూడా. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, "నీకూ చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. వెంటనే ఇంటివారికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

4. హాజరు పట్టీలో పేరు కొట్టేసే ముందు, ఆ బెంచీ జరిపే ముందు పిల్లలకు చెప్పండి.

పరీక్ష ఫలితాల రోజున, ఆ విద్యార్థి పుట్టినరోజున మూడో అంశంలోని జాబితా మళ్లీ తీయండి.